రోగి పేరు ఖజానా

తాగుడు మాన్పించే డాక్టర్ల దగ్గర నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటుంది. అమెరికాలో జాన్ యూయింగ్ అనే మానసిక వైద్యుడు తయారుచేస్తే, 1984లో అక్కడి వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. రక్తం తీయక్కర్లేదు, స్కానింగు అక్కర్లేదు, దగ్గరకెళ్లి నోటి వాసన చూడక్కర్లేదు. తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నావా? నీ తాగుడు గురించి ఎవరైనా మాటంటే ఒళ్లు మండిందా? తప్పు చేస్తున్నానని లోపల ఎక్కడైనా గుచ్చుకుందా? పొద్దున్న లేవగానే వణుకు ఆగడానికి ఓ గుక్క పడిందా? నాలుగింటిలో రెండింటికి అవునంటే చాలు, డాక్టరు కళ్లజోడు సవరించుకుని కేసు షీటు తీస్తాడు.

మన దగ్గర ఈ పరీక్ష పెట్టాల్సిన వాణ్ణి వదిలేసి వేరేవాడికి పెడుతున్నారు. వైన్స్ పక్క సందులో చెప్పులు ఒకచోట, తాను ఒకచోట పడి ఉన్నవాణ్ణి లేపి అడుగుతున్నారు. వాడిదేముంది? వాడి గొంతులోంచి ఇంకొకరు తాగుతున్నారు. ఆ ఇంకొకరిని బల్ల మీద పడుకోబెట్టి నాలుక చాపమన్న వైద్యుడు ఇంతవరకూ పుట్టలేదు. రోగి పేరు రాష్ట్ర ఖజానా. చిరునామాలు రెండు, అమరావతి ఒకటి, హైదరాబాదు ఒకటి. 2014లో వేరు కాపురాలు పెట్టారు. ఆస్తుల పంపకం తగువులు ఇప్పటికీ తేలలేదు గానీ ఈ ఒక్క అలవాటు మాత్రం పేచీ లేకుండా ఇద్దరికీ నిండుగా వచ్చింది.

కూలివాడు తాగితే వాడి నడత మంచిది కాదంటాం. వాడి చేత తాగించి బతికే ప్రభుత్వానికి మాత్రం విధానం ఉంటుంది, దానికో జీవో నంబరు ఉంటుంది, రెండేళ్ల కాలపరిమితి ఉంటుంది. కనుక నడత సంగతి కాసేపు పక్కనపెట్టి, పెద్ద రోగిని పరీక్షిద్దాం.

మొదటి ప్రశ్న, తగ్గించాలని అనుకున్నావా? రోగి ముఖం వెలిగిపోతుంది. ఎన్నిసార్లో! మొదటి సంతకమే దాని మీద పెట్టాం కదా!

నిజమే, పెట్టారు. అయితే ఆ సంతకం ముఖ్యమంత్రి గారి కలంలోంచి ఊరికే ఊడిపడలేదు. 1980ల్లో 'వారుణి వాహిని' అని సంస్కృతంలో నామకరణం చేసి, సారాను ప్యాకెట్లలో పోసి ఊళ్లమీదికి తోలింది ప్రభుత్వమే. మంచినీళ్లు రాని ఊరికి కూడా సారా వేళకి వచ్చేది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో 'అక్షర దీపం' పేరిట రాత్రిబడులు మొదలయ్యాయి. వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం. మొగుడి సారా వల్ల గుల్లయిన సంసారం కథ అది. అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు ఆ పాఠం చదివి, ఇది మన ఇంటి సంగతే కదా అనుకున్నారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతోపాటు ఊళ్లోని ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఊరి సంగతి 'ఆడవాళ్లు ఏకమైతే' అనే ఇంకో పాఠమై పక్క ఊళ్లకు పాకింది. 1992కల్లా జిల్లాలో సారా వేలంపాట పెట్టాలంటే కలెక్టరేటులో చెమటలు పట్టాయి. పెద్ద బాలశిక్షకు కూడా ఇంత బలం ఉందని ఏ విద్యాశాఖా ఊహించి ఉండదు. ఊహించి ఉంటే ఆ బళ్లు తెరవనిచ్చేదా అన్నది నా సందేహం.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ గెలిచి, ప్రమాణ స్వీకారం నాడే మద్యనిషేధం మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అమలు. రోగి మానేశాడని ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. రెండేళ్లు దాటి రెండు నెలలు కాగానే, 1997 ఏప్రిల్లో, ఖజానాకు నీరసంగా ఉందని చెప్పి ఆయన అల్లుడు గారు సీసా మూత తీశారు. అప్పట్లో చెప్పిన కారణాలన్నీ ఏ తాగుబోతు ఇంటికెళ్లినా వినొచ్చు. మానేస్తే ఒంట్లో బాగుండటం లేదు. దొంగచాటుగా ఎటూ తాగుతూనే ఉన్నాం. దానికంటే తలుపులు తీసుకుని మర్యాదగా తాగితే పోలా?

రెండోసారి మానింది 2019లో, అమరావతి చిరునామాలో. ఈసారి ఒక్కసారిగా కాదు, దశలవారీగా. దుకాణాలు ప్రైవేటువాళ్ల చేతిలో ఉంటే అమ్మకాలు పెంచుతారని, అక్టోబరు 1 నుంచి అన్నీ ప్రభుత్వమే తీసుకుంది. 4,380 ఉన్నవి 3,500 అయ్యాయి, తర్వాత 2,934 అయ్యాయి. వినడానికి బాగుంది. తాగుడు మానడానికి కౌంటర్లో తానే కూర్చోవడమన్నది మాత్రం విచిత్రమైన చికిత్స. పాత బ్రాండ్లు మాయమై, 'ప్రెసిడెంట్ మెడల్', 'బూమ్ బూమ్' అంటూ కనీవినీ ఎరగని పేర్లు బీరువాల్లోకి వచ్చాయి. ఊరంతా ఫోన్లతో చెల్లింపులు చేస్తున్న కాలంలో ఆ దుకాణాల్లో చాలాకాలం నోట్లే చెల్లాయి. ఆ నోట్ల దారి మీద కేసులు పెట్టారు, దర్యాప్తులు జరిపించారు, అరెస్టులు చేశారు. అది కోర్టులు తేల్చాల్సిన లెక్క.

ధర పెంచితే షాక్ కొట్టి మానేస్తారన్నది ఆ రోజుల సిద్ధాంతం. లాక్‌డౌన్ తర్వాత 2020 మే 4న దుకాణాలు తెరిచి 25 శాతం, మర్నాడే మరో 50 శాతం పెంచారు. షాక్ కొట్టింది. మే నెల ఎండలో కిలోమీటర్ల క్యూలు కొట్టాయి. జూలై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మందు దొరకనివాళ్లు చేతులు కడుక్కునే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ చావులు ఏ దశ కిందికి వస్తాయో విధాన పత్రంలో రాయలేదు.

ఆ క్యూల దగ్గరే ఇంకో దృశ్యం. విశాఖ జిల్లాలో మందు దుకాణాల ముందు జనాన్ని వరసలో నిలబెట్టడానికి ప్రభుత్వ ఉపాధ్యాయులకు డ్యూటీలు వేశారు. టోకెన్లు పంచడం, మీటరు దూరం పాటింపజేయడం వాళ్ల పని. ముప్పయ్యేళ్ల కిందట ఈ ప్రభుత్వమే రాత్రిబడి పెడితే చదువు సారా దుకాణం మూయించింది. ఈసారి ఆ పొరపాటు జరగకుండా పంతుళ్లనే తెచ్చి దుకాణం ముందు నిలబెట్టారు. తాను ఐదో తరగతిలో కొట్టి మరీ కూర్చోబెట్టిన పిల్లవాణ్ణి, వాడికి ముప్పయ్యో ఏట, 'వరసలో నిలబడరా' అని మాస్టారు గదమాయించిన రోజు అది. వాడు 'అలాగేనండీ' అని చేతులు కట్టుకునే నిలబడి ఉంటాడు. మనవాళ్లకు గురుభక్తి ఎక్కువ.

2024లో ఆ ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది. ఎన్నికల సభల్లో ఇచ్చిన హామీల్లో నాణ్యమైన మందు, తక్కువ ధర కూడా ఉన్నాయి. బడి, ఆసుపత్రి, మంచినీళ్లు నాణ్యంగా ఇస్తామంటే చప్పట్లు అరువు తెచ్చుకోవాలి. క్వార్టర్ మాట ఎత్తితే మైకు అక్కర్లేదు. అంతకుముందే, 2021 డిసెంబరులో, విజయవాడ సభలో ఒక జాతీయ పార్టీ అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు, తాగే కోటి మంది మాకు ఓట్లేస్తే 70 రూపాయలకే ఇస్తాం, ఆదాయం బాగుంటే 50కే ఇస్తాం అని హామీ ఇచ్చి దేశం దృష్టిని ఆకర్షించారు. రూపాయల్లో తేడాయే తప్ప సిద్ధాంతంలో పార్టీల మధ్య తేడా లేదు. అక్టోబరు 2024లో 3,396 దుకాణాలు లాటరీ తీశారు. దరఖాస్తుకు రెండు లక్షలు, రాకపోయినా వెనక్కి ఇవ్వరు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకుండానే 1,800 కోట్ల దాకా చేతిలో పడ్డాయి. 99 రూపాయల క్వార్టర్ బీరువాల్లో కొలువుదీరింది. నాణ్యత మాటకొస్తే, ఏడాది తిరిగేసరికి 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారుచేసే కేంద్రమే పట్టుబడింది.

క్వార్టర్ గురించి ఒక లెక్క చెప్పాలి. 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం. అంటే సుమారు 77 మిల్లీలీటర్లు, తూకంలో 60 గ్రాముల పైచిలుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర 'ఒకే విడతలో అతిగా తాగడం' అనే దానికి ఒక గీత ఉంది. ఆ గీత 60 గ్రాములు. నెలలో ఒక్కసారి దాటినా ఆ జాబితాలో పడతాం. పేదవాడి కోసం మన ప్రభుత్వాలు ప్రేమగా ధర నిర్ణయించిన కొలత కచ్చితంగా ఆ గీత మీద కూర్చుంది. పైగా అది రోజువారీ డోసు. 2024లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు, క్వార్టర్ 99. ఒక చేత్తో ఇచ్చిన మూడు వందల్లో వంద సాయంత్రానికి ఇంకో చేత్తో తిరిగి తీసుకునే పథకం ఇంత నమ్మకంగా నడుస్తుంటే, చిల్లర రూపాయి వెనక్కి ఇచ్చినందుకు పేదవాడు కృతజ్ఞత చూపాలి. ఆల్కహాలును క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో 1988లోనే చేర్చారు. ఇంత తాగితే ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. ఆ వార్త మన సచివాలయాలకు ఇంకా చేరినట్టు లేదు. దారిలో ఎక్కడో వైన్స్ దగ్గర ఆగి ఉంటుంది.

హైదరాబాదు చిరునామా సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు, ఎందుకంటే అక్కడి రోగి వేరు కాపురం పెట్టాక మానేస్తానని ఎన్నడూ అబద్ధమాడలేదు. అది మెచ్చుకోవాలి. 2,620 దుకాణాలకు 2025లో దరఖాస్తు రుసుము రెండు నుంచి మూడు లక్షలు చేస్తే 95 వేల దరఖాస్తులు వచ్చాయి. 2,800 కోట్లు దాటింది. ఏడాదికి మద్యం మీద అన్ని పన్నులూ కలిపి వచ్చే రాబడి 30 వేల కోట్ల పైమాటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3. దసరాకు దావత్ లేకపోతే ఎట్లా అంటారు, ముక్కా చుక్కా మా సంస్కృతి అంటారు. తాటిచెట్టు కల్లు సంస్కృతే. డిపోలో లారీకెక్కిన డబ్బాలకు, నెలవారీ టార్గెట్లకు, అమ్మకం తగ్గితే ఇన్‌స్పెక్టర్‌కు పడే చీవాట్లకు ఆ పేరు ఎప్పుడు వచ్చిందో జానపద పరిశోధకులు చెప్పాలి.

రెండో ప్రశ్న, ఎవరైనా మాటంటే ఒళ్లు మండిందా? ఆదాయం మీద మాటెత్తి చూడండి. "అయితే పింఛన్లు ఆపేయమంటారా? ఆడపడుచుల డబ్బులు ఆపేయమంటారా?" అని శాసనసభ దద్దరిల్లుతుంది. ఇది ఉత్త వాగ్ధోరణి కూడా కాదు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి అప్పటి అమ్మ ఒడి, ఆసరా, చేయూత పథకాల బాధ్యత మద్యం వ్యాపారం చూసే ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్‌కు అప్పగించారు. అంటే పిల్లవాణ్ణి బడికి పంపిన తల్లికి ఇచ్చే డబ్బు, ఆ పిల్లవాడి తండ్రి తాగిన దాంట్లోంచి రావాలనే ఏర్పాటు అది. వాడు మానేస్తే పిల్లవాడి చదువుకు ద్రోహం చేసినట్టు. ఇంట్లో ఆవిడ ఇక మొగుణ్ణి తిట్టాలంటే బడ్జెట్ చూసుకుని తిట్టాలి. ఇంకా గట్టిగా అడిగితే బీహారును చూపిస్తారు. 2016 నుంచి నిషేధం పెట్టి ఏం సాధించారు, కల్తీ సారాకు జనం చావలేదా అని. చచ్చారు. అయితే అది జనం చేత తాగించి బతకడానికి సమర్థన ఎలా అయిందో మాత్రం చెప్పరు.

మూడో ప్రశ్న అపరాధ భావం. ఇందులో మన రోగి మార్కులు చూస్తే జాలేస్తుంది. అమ్మే ప్రతి సీసా మీదా ఆరోగ్యానికి హానికరమని తానే రాయిస్తాడు. అక్టోబరు 2న దుకాణాలు మూసి, 1వ తేదీ రాత్రి రెట్టింపు అమ్ముకుంటాడు. టీవీలో మందు ప్రకటనలు వద్దంటాడు, అదే పేరుతో సోడా ప్రకటన వస్తే దాహం వేసిందనుకుంటాడు. సినిమాలో హీరో సీసా ఎత్తితే తెర మూలన చీమంత అక్షరాలు నడిపిస్తాడు. పర్మిట్ రూముకు రుసుము తీసుకుని కూర్చోబెట్టి తాగిస్తాడు, బండి ఎక్కి నాలుగడుగులు వేయగానే నోట్లో గొట్టం పెట్టి ఊదమంటాడు. తాగించినందుకు పన్ను, తాగినందుకు జరిమానా. ఈ వ్యాపారమంతా చూసుకునే శాఖ పేరు రెండు రాష్ట్రాల్లోనూ మద్యనిషేధ, ఆబ్కారీ శాఖ. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజల ఆరోగ్యం పెంచడం, మత్తు పానీయాలను నిషేధించే ప్రయత్నం చేయడం రాజ్యం విధి అంటుంది. ఆ మాట మీద ప్రమాణం చేసినవాళ్లే ఏటా బడ్జెట్ చదువుతూ ఆబ్కారీ రాబడి పెరిగిందంటే బల్లలు చరుస్తారు.

ఇక పొద్దుటి గుక్క. రోగికి వణుకు ప్రతినెలా ఒకటో తారీఖు పొద్దున్న వస్తుంది. జీతాలు, పింఛన్లు, పాత అప్పుల మీద వడ్డీలు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో తమ ఇష్టానికి పెంచుకోగల పన్నులు కొన్నే మిగిలాయి. తాగే మద్యాన్ని జీఎస్టీలో చేర్చకుండా రాష్ట్రాలన్నీ పార్టీలకతీతంగా కాపాడుకున్నాయి. ఇంతటి జాతీయ ఐక్యత నదీజలాల విషయంలో చూస్తామా? లాక్‌డౌన్లో గుళ్లు, బళ్లు మూసి ఉండగా మందు దుకాణాలకు తలుపులు తెరిచిన ఆ మే నెల గుర్తుంది కదా. తలుపులు తీసింది తాగేవాడి వణుకు చూసి కాదు.

గుక్కలో కూడా ముదిరిన దశ ఉంది. 2022లో ఏపీ బెవరేజెస్ కార్పొరేషన్ 9.62 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి 8,300 కోట్లకు పైగా తెచ్చింది. మందు మీద రేపు రాబోయే రాబడి చూపించి ఇవాళ తెచ్చిన అప్పు. దశలవారీగా మానేస్తానన్నవాడు ఏళ్ల తరబడి రాబోయే చుక్కల్ని ముందే తాకట్టు పెట్టాడన్నమాట. ఇవాళ ఏడో క్లాసు చదివే పిల్లవాడు పెద్దయ్యాక తాగకపోతే బాండ్లు కొన్నవాళ్లు నొచ్చుకుంటారు. వాడి నడత గురించి బడిలో నీతి పాఠం చెప్పే పంతులుకు ఈ సంగతి తెలిసి ఉండాల్సిన పనిలేదు.

నాలుగుకు నాలుగు. రెండు చాలన్నాడు యూయింగ్.

నిషేధం పెట్టండని నేను అడగను. ముదిరిన తాగుబోతుకు ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ వస్తాయి, అది వైద్యులు చెప్పే మాటే. 1995లో ఖజానాకు వచ్చినవీ అవే. మెల్లగా మాన్పించాలి, అదీ రోగి ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నట్టు గుర్తేమిటంటే, బడ్జెట్ పుస్తకంలో ఆబ్కారీ రాబడి వేసిన వరసలోనే, ఆ ఏడు కాలేయ జబ్బులకు, తాగి నడిపిన బండ్ల ప్రమాదాలకు, డీ-అడిక్షన్ వార్డులకు ఎంత ఖర్చయిందో రెండో అంకె అచ్చు వేయడం. రాబోయే ఏడు ఈ రాబడి మీద ఆధారపడేది ఇంత తగ్గిస్తామని ఒక మాట రాయడం. రేపటి చుక్క మీద ఇక అప్పు తేమని చట్టం చేయడం. ఈ మూడింటిలో ఏదీ చేయనివాళ్లు వైన్స్ సందులో పడి ఉన్నవాడి నడత గురించి మాట్లాడకపోతే మంచిది. వాడు కనీసం తన డబ్బుతో తాగాడు.

మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం ఉచిత ఫోను నంబరు ఒకటి పెట్టింది, 14446. రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ తీరిక చేసుకుని రోగి తరఫున ఒకసారి ఫోను చేసి చూడాలి.